సున్నా రూపాయల ఛానెల్ ఎవరిది?

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి. మధ్యలో కరెంటు పోయి వచ్చింది, ఆ కాసేపు మాటలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మాస్టారు ఫోన్‌లో "టీవీ ఛానెళ్ళు చేతులు మారడం గురించి ఒక గంట మాట్లాడాలి బాబూ" అన్నారు. మాస్టారూ, నేను కేబుల్ వాడిని, స్తంభాలెక్కి వైరు లాగేవాడిని, ఇలాంటివి హైదరాబాద్‌లో ఎవరైనా జర్నలిస్టుని అడగాలి కదా అన్నాను. "వాళ్ళు స్టూడియోలోంచి చెబుతారు, నువ్వు స్తంభం మీంచి చెప్పు" అన్నారు. సరే, స్తంభం మీంచి ఏం కనబడిందో అదే చెబుతాను, గంట మాత్రం పట్టదు.

నేను 1993లో కాశీబుగ్గలో మొదలుపెట్టాను. రెండు పెద్ద డిష్‌లు, ఒక వీసీఆర్, మా పెరట్లో రేకుల షెడ్డు. దాన్ని కంట్రోల్ రూమ్ అనేవాళ్ళం, వర్షం వస్తే ఏమీ కంట్రోల్ అయ్యేది కాదు అనుకోండి. అప్పట్లో తెలుగు అంటే హైదరాబాద్ దూరదర్శనే, మిగతాదంతా మేం వేసే క్యాసెట్టు. 1995లో జెమిని వచ్చింది, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ఆ రెండూ మొదట్లో ఉచితమే. డిష్ తిప్పి సిగ్నల్ పట్టుకుంటే చాలు, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు, మా ఊళ్ళో కనెక్షన్లు ఆ ఒక్క ఏడాదిలోనే ఎంతలా పెరిగాయంటే వైరు దొరక్క బరంపురం వెళ్ళి తెచ్చుకున్న రోజులున్నాయి.

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ మ్యాచ్ ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార శాఖకీ వచ్చిన తగువు అది. గాలిలో వెళ్ళే తరంగాలు ప్రజల ఆస్తి, అవి ప్రభుత్వం ఒక్కదానివే కావు, అలాగని డబ్బున్న ప్రైవేటువాడి సొంతమూ కావు అన్నారు జడ్జీలు. ఈ రెండో సగం ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ప్రభుత్వం గుత్తాధిపత్యం పోయిందనే సంబరంలో ఉన్నాం అందరం, నాతో సహా.

ఇప్పుడు అసలు సంగతి. ఛానెళ్ళలో రెండు రకాలు, మీకు తెలుసు. ఒకటి పే ఛానెల్, దానికి రేటు ఉంటుంది, ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసి మేం పైకి పంపుతాం. రెండోది ఫ్రీ, ఎఫ్.టి.ఎ. అంటాం మా భాషలో, రేటు సున్నా. మన తెలుగు వార్తా ఛానెళ్ళలో చాలావరకు ఈ రెండో రకమే. సున్నా అనగానే జనం ఏమనుకుంటారంటే ఇందులో డబ్బు లేదని. అక్కడే ఉంది కిటుకు. పే ఛానెల్‌కి డబ్బు మీ ఇంటి నుంచి ఛానెల్ వైపు వెళ్తుంది, ఫ్రీ ఛానెల్‌కి ఛానెల్ నుంచి కేబుల్ కంపెనీ వైపు వస్తుంది. క్యారేజ్ ఫీజు. మా ఛానెల్ మీ బాక్సుల్లో కనిపించేలా పెట్టండి, మంచి నంబరు ఇవ్వండి అని వాళ్ళే కడతారు. టెలికాం, టీవీ ప్రసారాల్ని నియంత్రించే సంస్థ ట్రాయ్ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం మామూలు ఛానెల్‌కి ఒక్కో కనెక్షన్‌కి నెలకి 20 పైసలు దాటకూడదన్నారు. 20 పైసలే కదా అనుకోకండి, లక్షల కనెక్షన్లున్న ఎం.ఎస్.ఓ.లు, అంటే మాలాంటి ఊరి ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీలు, పది ఉంటే నెల నెలా ఎంతవుతుందో లెక్కేసుకోండి. అది కాక ప్లేస్‌మెంటు, మార్కెటింగు అని వేరే పేర్లతో వేరే బిల్లులు. (నవ్వులు) మాకు రాదండీ అది, పెద్ద ఎం.ఎస్.ఓ.కి వెళ్తుంది, ఊళ్ళో ఉండే చిన్న ఆపరేటర్‌కి మిగిలేది మీ తిట్లు.

పోనీ చూసేవాళ్ళకైనా నిజంగా ఫ్రీయా అంటే అదీ కాదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త టారిఫ్ వచ్చినప్పుడు ఒక్క పే ఛానెల్ కూడా తీసుకోకుండా అన్నీ ఉచితమైనవే పెట్టుకున్నా నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, పన్ను కలిపితే 153 పైచిలుకు. బ్రాహ్మణతర్లా వైపు ఒక మామ్మ నన్ను నిలబెట్టి కడిగేసింది, "ఒరే నాయినా, ఫ్రీ అంటావు, నూట యాభై అంటావు, ఇదేటి లెక్క" అని. ఆవిడకి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను.

సరే, ఛానెల్ వాడి వైపు నుంచి చూడండి. చందా రాదు. తిరిగి క్యారేజ్ కట్టాలి. ఉపగ్రహం అద్దె, స్టూడియో, బయటి నుంచి లైవ్ ఇచ్చే ఓ.బి. వ్యాన్లు, జీతాలు. వచ్చేది ప్రకటనలు ఒక్కటే. అదీ రేటింగ్ ఉంటేనే. ఇరవై చిల్లర వార్తా ఛానెళ్ళు ఉన్న భాషలో ఆ ప్రకటనలు ఎంతమందికి సరిపోతాయి? మొదటి మూడు నాలుగు తప్ప మిగతావి గట్టెక్కవు. అలా గట్టెక్కని వ్యాపారాన్ని ఎవరు కొంటారు? టీవీ మీద లాభం కోసం చూసేవాడు కొనడు. వేరే దాంట్లో బాగా సంపాదించి, ఆ వేరే దానికి ఒక గొంతు కావాలనుకునేవాడు కొంటాడు. ఇళ్ళు కట్టేవాడో, రోడ్లు వేసేవాడో, కాంట్రాక్టులు చేసేవాడో, పార్టీ నడిపేవాడో. నేను ఎవర్నీ తిట్టడం లేదు, ఉన్న లెక్క చెబుతున్నాను. ఫ్రీ ఛానెల్‌కి యజమాని మారడం అనేది ఎప్పుడో జరిగే వింత కాదు, ఆ వ్యాపారం నిర్మాణంలోనే అది ఉంది.

టీవీ9 చూడండి. 2004లో వచ్చింది, తెలుగులో ఇరవై నాలుగ్గంటల వార్తలు అంటే ఏంటో మన జనానికి అలవాటు చేసింది అదే. 2018లో దాని కంపెనీలో తొంభై శాతం పైన వాటా అలంద మీడియా అనే సంస్థ తీసుకుంది. వెనకాల ఉన్నవాళ్ళు నిర్మాణం, ఇన్‌ఫ్రా రంగాల్లో పెద్ద పేర్లు, అది పేపర్లలో వచ్చిందే. మరి మీ ఇంట్లో ఆ రోజు ఏం మారింది? ఏమీ లేదు. అదే లోగో, అదే సంగీతం, అదే నంబరు. నా కంట్రోల్ రూమ్‌లోనూ ఏమీ మారలేదు, ఒక్క స్విచ్చు తిప్పలేదు నేను.

ఎందుకు మారదంటే అనుమతి ఉండేది ఛానెల్ పేరు మీద కాదు, వ్యక్తి పేరు మీద కాదు, కంపెనీ పేరు మీద. కేంద్ర సమాచార ప్రసార శాఖ అప్‌లింకింగ్ డౌన్‌లింకింగ్ అనుమతి, అంటే ఛానెల్‌ని ఉపగ్రహానికి పంపడానికీ కిందికి దింపడానికీ అనుమతి, కంపెనీకి ఇస్తుంది. వార్తా ఛానెల్ పెట్టాలంటే ఆ కంపెనీకి 20 కోట్ల నికర ఆస్తి చూపించాలి, వార్తలు కాకపోతే 5 కోట్లు. ఇప్పుడు మీరు ఛానెల్‌ని కొనక్కర్లేదు, ఆ కంపెనీ షేర్లు కొంటే చాలు. ఇల్లు రిజిస్ట్రేషన్ మార్చకుండా ఇంటాయన్నే కొనేసినట్టు. శాఖకి వాటాల వివరాలు చెప్పాలి, అది ఉంది. కానీ చూసేవాళ్ళకి చెప్పాలని ఎక్కడా లేదు. కిరాణా కొట్టు చేతులు మారితే బోర్డు మీద "ప్రొప్రయిటర్" పేరు మారుస్తాడు కదా మన ఊళ్ళో, ఇక్కడ ఆపాటి మర్యాద కూడా లేదు.

ఇంకో దారి ఉంది, అప్పు దారి. ఎన్‌డీటీవీ కథ తెలుసు కదా. 2009లో దాని ప్రమోటర్లు ఒక చిన్న కంపెనీ దగ్గర 403 కోట్ల చిల్లర అప్పు తీసుకున్నారు, అప్పిచ్చినవాడు ఎప్పుడైనా దాన్ని షేర్లుగా మార్చుకోవచ్చు అనే షరతు మీద. పదమూడేళ్ళు ఆ కాగితం అలా పడి ఉంది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ అప్పిచ్చిన కంపెనీనే కొనేసింది, కాగితంలో ఉన్న హక్కు వాడుకుంది, దాంతో 29 శాతం వాటా చేతికొచ్చింది, ఆ పైన ఓపెన్ ఆఫర్ వేసి, అంటే మిగతా వాటాదారుల షేర్లు కొంటామని ప్రకటించి, డిసెంబరు నెలాఖరుకి సగానికి పైగా వాటా చేతిలోకి తెచ్చుకుంది. ఇది తెలుగు ఛానెల్ కాదు, కానీ చిన్న చిన్న ప్రాంతీయ ఛానెళ్ళకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, అప్పుల్లో ఉండేది వాళ్ళే కాబట్టి. అప్పిచ్చినవాడు ఎవరు అనేది యజమాని ఎవరు అన్నదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

మా టీవీ సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఇది ఫ్రీ కాదు, పే ఛానెలే, అయినా చెబుతాను. 2002లో మొదలైంది. తర్వాత వ్యాపారవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారు వచ్చారు, చిరంజీవి గారు, నాగార్జున గారు, అల్లు అరవింద్ గారు వాటాల్లో ఉండేవారు. పేరు చూడండి, "మా". మనది అని. 2015లో స్టార్ కొంది, అంటే విదేశీ మీడియా అధిపతి మర్డాక్ గారి సామ్రాజ్యం. 2017లో పేరు స్టార్ మా అయింది. 2019 మార్చిలో మర్డాక్ గారు తన వినోద వ్యాపారం డిస్నీకి అమ్మేశారు, మన సీరియల్ అత్తగారు రాత్రికి రాత్రి మిక్కీ మౌస్ ఇంటి కోడలైంది. 2024 నవంబరులో డిస్నీ ఇండియా, రిలయన్స్ వాళ్ళ వయాకామ్ 18 కలిసిపోయి జియోస్టార్ అయ్యాయి. పదేళ్ళ లోపు మూడుసార్లు ఇల్లు మారింది. పేరులో "మా" మాత్రం కదలలేదు. మరి ఎవరి మా అది? (నవ్వులు)

ఈటీవీ వేరే రకం. రామోజీరావు గారు ఒక్క తెలుగులోనే ఆగలేదు, కన్నడం, మరాఠీ, బంగ్లా, ఒడియా, గుజరాతీ, ఉర్దూ, హిందీ రాష్ట్రాల వార్తలు, ఒక్కో భాషకి ఒక్కో ఈటీవీ పెట్టారు, రామోజీ ఫిల్మ్ సిటీలో కూర్చుని బీహార్ వార్తలు చదివించేవారు. 2012లో ఒప్పందం, 2014 జనవరిలో పూర్తి, నెట్‌వర్క్ 18 వాళ్ళ టీవీ18 రెండు వేల యాభై కోట్ల రూపాయలు పెట్టి తెలుగు కాని వార్తా ఛానెళ్ళు మొత్తం, వినోద ఛానెళ్ళలో సగం తీసుకుంది. తెలుగువి రామోజీ సంస్థ చేతిలోనే ఉన్నాయి, వాటిలోనూ 24.5 శాతం అటు వెళ్ళింది. తర్వాత నెట్‌వర్క్ 18 రిలయన్స్ చేతిలోకి వచ్చింది.

మా పలాస, సోంపేట, ఇచ్చాపురం వైపు ఇది ఇంకోలా తగిలింది. అక్కడ ఇళ్ళల్లో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది, నా ప్యాకేజీలో ఒడియా ఛానెళ్ళు లేకపోతే ఇచ్చాపురంలో నన్ను బతకనివ్వరు. 2015లో ఒక రోజు ఈటీవీ ఒడియా కలర్స్ ఒడియా అయిపోయింది. అదే ఏడాది సార్థక్ టీవీని జీ కొంది. ఇచ్చాపురం నుంచి ఒక పెద్దాయన ఫోన్, "బాబూ, మా ఛానెల్ తీసేశావా?" తియ్యలేదు తాతా, పేరు మారింది. "ఎందుకు మారింది?" అమ్మేశారు. "ఎవరికి?" చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "నన్నెవరూ అడగలేదే" అన్నాడు. ఆ మాట నేను ఇన్నేళ్ళూ మర్చిపోలేదు. ఆయన జోకు వెయ్యలేదండీ, నిజంగానే అన్నాడు.

యజమాని మారితే తెర మీద ఒక్కోసారి ఏదీ మారదన్నాను కదా, మన జిల్లాలో మారుతుంది. ఎక్కడంటే స్ట్రింగర్ దగ్గర. వార్తా ఛానెల్‌కి జిల్లాలో జీతం మీద ఉండేది ఒక్కడో ఇద్దరో, మండలాల్లో ఉండేవాళ్ళంతా స్ట్రింగర్లు, పంపిన వార్తకి ఇంత అని. కొత్త యజమాని వచ్చాక మొదటి కత్తెర పడేది వాళ్ళ మీదే. మా పక్క వీధిలో ఒకతను ఉండేవాడు, పేరు చెప్పను, ఛానెల్ పేరూ చెప్పను. ఛానెల్ చేతులు మారిన రెండు నెలలకి అతని బిల్లులు రావడం ఆగిపోయాయి. తీసేశాం అని ఎవరూ చెప్పలేదు, ఫోన్ ఎత్తడం మానేశారంతే. లోగో ఉన్న మైకు గొట్టం మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. కొన్నాళ్ళు దాంతోనే తిరిగాడు పాపం, ఊళ్ళో పరువు కోసం.

అలా మనుషుల్ని తీసేస్తే ఏమవుతుందో తిత్లీ అప్పుడు చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా మీద పడింది తుఫాను. వజ్రపుకొత్తూరు, మందస, ఉద్దానం అంతా కొబ్బరి చెట్టు అనేది నిలబడి కనబడలేదు, జీడితోటలు పీకేసినట్టు పడ్డాయి. నా వైర్లు, నా ఆంప్లిఫయర్లు అన్నీ నేల మీద. కరెంటు లేదు. జనరేటర్ పెట్టి ఒక్క టీవీ నడిపితే షెడ్డు ముందు వంద మంది చేరారు, మన ఊరి గురించి ఏం చెబుతున్నారో చూద్దామని. ఛానెల్ తర్వాత ఛానెల్ తిప్పాను. నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు చూసిన హడావుడిలో పదో వంతు లేదు మాకు. ఉద్దానం లోపలికి వెళ్ళి చూపించినవాడు లేడు, వెళ్ళాలంటే అక్కడ మనిషి ఉండాలి, ఉన్నవాణ్ణి తీసేశారు. తర్వాత ముఖ్యమంత్రి పలాసలో మకాం వేశారు, అప్పుడు వచ్చాయి కెమెరాలు, ఆయన చుట్టూ. వంద మందిలో ఒకడన్నాడు, "మన చెట్లు పడితే వార్త కాదు, పెద్దోళ్ళొచ్చి చూస్తే వార్త" అని. నేను వెంటనే ఛానెల్ మార్చేశాను, నన్ను అన్నట్టు అనిపించింది.

ఇంకో సంగతి, ఇది కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ప్రభుత్వం మారాక మన టీవీల్లోంచి కొన్ని ఛానెళ్ళు మాయమైపోతాయి. 2019 తర్వాత కొన్ని, 2024 తర్వాత వేరే కొన్ని. ఏవి ఎప్పుడు పోయాయో మీకు నాకన్నా బాగా తెలుసు. విషయం టెలికాం, ప్రసారాల తగువులు తీర్చే ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. రాతపూర్వకంగా ఎవరూ ఏమీ ఇవ్వరు, ఫోన్ వస్తుంది. నాకూ వచ్చింది. ఎవరు చేశారో చెప్పను, నేనేం చేశానో చెబుతాను, సాంకేతిక సమస్య అని జనానికి అబద్ధం చెప్పాను. నాకు రెండు వేల కనెక్షన్లు, స్తంభాల మీద నా వైరు, స్తంభాలు నావి కావు. అది అర్థం చేసుకుంటే చాలు. కానీ ఇందులోంచి ఒకటి తేలింది. ఛానెల్‌కి యజమాని ఎవరన్నది ఒక ప్రశ్న అయితే, దారికి యజమాని ఎవరన్నది అంతకన్నా పెద్దది. తరంగాలు ప్రజలవి అన్నాడు జడ్జీ గారు, ఇప్పుడు మన ఇంటికి వచ్చేది తరంగం కాదు, వైరు. వైరు ఎవడిదో మాట వాడిది. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పేరుతో ఆ దారి ప్రభుత్వమే పెట్టింది, 2017 డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు, 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోన్ అన్నారు. ప్రభుత్వాలు ప్రసారాల పంపిణీలో ఉండకూడదు, 2023 డిసెంబరు 31 లోగా బయటికి రండి అని 2022 అక్టోబరులో కేంద్రం అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ గడువు దాటి చాలా కాలమైంది.

ఒకరు చీటీ పంపారు, "మరి దూరదర్శన్ ఉంది కదా, దాన్ని ఎవరూ కొనలేరు కదా" అని. నిజమే, ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, 1997లో అమల్లోకి వచ్చింది, అమ్మడానికి లేదు. మనకి సప్తగిరి ఉంది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకి యాదగిరి పెట్టారు, మనది విజయవాడకి వచ్చింది. కేబుల్‌లో దూరదర్శన్ కచ్చితంగా ఇవ్వాలని 1995 కేబుల్ చట్టంలోనే ఉంది, నేనూ ఇస్తాను. కానీ మన పెరట్లో వెదురు కర్రకి అల్యూమినియం యాంటెనా కట్టి పట్టుకునేవాళ్ళం చూశారా, ఆ నేల ట్రాన్స్‌మిటర్లు దేశమంతా దాదాపు మూసేశారు. నిజంగా ఎవరికీ ఏమీ కట్టకుండా వచ్చింది అదొక్కటే. ఇప్పుడు దాని బదులు డీడీ ఫ్రీ డిష్ అంటారు, ఒక్కసారి డిష్ కొంటే నెలనెలా కట్టేది లేదు, ఉత్తరాదిలో ఊళ్ళకి ఊళ్ళు దాని మీదే ఉన్నాయి. మన వైపు అంత పట్టలేదు, తెలుగు ఛానెళ్ళు అందులో తక్కువ. అందులో చోటు కూడా వేలం వేసి అమ్ముతారు, ఏడాదికి కోట్లలో. 2019 మార్చిలో పెద్ద కంపెనీలు తమ హిందీ వినోద ఛానెళ్ళు అందులోంచి లాగేసుకున్నాయి, 2020లో మళ్ళీ పెట్టాయి, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ తీసేశాయి. ఫ్రీగా చూపిస్తే లాభమా, పే చేస్తే లాభమా అని లెక్క మారినప్పుడల్లా అలా.

చట్టం ఏం చేస్తోంది అంటారా? పేపరు, టీవీ, కేబుల్ అన్నీ ఒకడి చేతిలోనే ఉండకూడదని మన దేశంలో గట్టి నిబంధన లేదు. ట్రాయ్ 2009లో సిఫారసు చేసింది, 2014 ఆగస్టులో ఇంకా వివరంగా చేసింది, పార్టీలూ ప్రభుత్వాలూ ఛానెళ్ళు పెట్టకూడదు అని కూడా అంది, 2022లో మళ్ళీ చర్చా పత్రం వేసింది. పత్రాలు బాగుంటాయి. నేను చదివాను, మా అబ్బాయి ఫోన్‌లో చదివి వినిపించాడు. అమలు దగ్గరికి వచ్చేసరికి ప్రతి ప్రభుత్వానికీ తన పేపరు, తన ఛానెల్ గుర్తొస్తాయి.

నన్నడిగితే నాకు పెద్ద కోరికలు లేవు. ఛానెల్ మొదలయ్యేటప్పుడు రోజుకి ఒకసారి, ఈ కంపెనీ, ఇందులో ఎక్కువ వాటా వీళ్ళది, వీళ్ళ మిగతా వ్యాపారాలు ఇవీ అని పది సెకన్లు స్క్రోలింగ్ వెయ్యమనండి. సినిమా హాల్లో సినిమా ముందు పొగాకు మీద హెచ్చరిక వేస్తున్నారు కదా, అలాగే. మా లోకల్ కేబుల్ ఛానెల్‌లో ఎవరింట్లో పెళ్ళో, ఎవరు పోయారో, ఏ షాపులో డిస్కౌంటో అన్నీ స్క్రోలింగ్ వేసేవాళ్ళం, ఒక్కో లైను యాభై రూపాయలు. వాళ్ళకి ఫ్రీగా వేసిపెడతాను.

ఇక చాలండీ, గొంతు ఆరిపోయింది. ఇందాకటి స్ట్రింగర్ ఆ చివరి వరసలో కూర్చుని ఉన్నాడు, ఇప్పుడు సొంతంగా యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్నాడు, యజమానీ అతనే, కెమెరామేనూ అతనే, మీరు అతన్నీ అడగొచ్చు. నన్నయితే ఏదైనా అడగండి గానీ ఫైబర్ బిల్లు ఎందుకు పెరిగిందని మాత్రం అడక్కండి, అది నా చేతుల్లో లేదు. ఎవరైనా కాసిని మంచినీళ్ళు ఇప్పించండి బాబూ.